పత్రిక ముఖం ఎటు తిరిగింది?

మనవాళ్లు కథ రాస్తే చదివి మాట్లాడతాం. కవిత రాస్తే పదిమందీ కూర్చుని మంచీ చెడూ చెబుతాం. పాట కడితే అందులో మన మాట ఎంత, సినిమా మాట ఎంత అని తేల్చుకుంటాం. మన గూడేల కోసం వచ్చే చిన్న పత్రిక రూపం మారితే మాత్రం ఎవరూ నోరు విప్పరు. "కలర్‌లో వచ్చింది, బాగుంది" అని ఊరుకుంటాం. పేజీలో ఏది పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి, ఎవరి పేరు వేయాలి, ఎవరి పేరు తీసేయాలి అని తేల్చడం కూడా రాతే. కథను విమర్శించినట్టే దాన్నీ విమర్శించాలి.

ఈ వ్యాసం కోసం మేము ముందు పెట్టుకున్నది గోదావరి వైపు కోయ గూడేల్లో తిరిగే ఒక నెల పత్రిక. పేరు రాయడం లేదు. నడిపేవాళ్లు మనవాళ్లే, చేతి డబ్బులు పెట్టి నడుపుతున్నారు. పాత సంచికలు కొన్ని, రూపం మార్చాక వచ్చిన సంచికలు కొన్ని పక్కపక్కన పెట్టుకుని చదివాం.

పాతది ఏ3 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు, ఒక్క నలుపు రంగు. గొప్పగా ఉండేదని మేము అనం. అక్షరాలు చీమల బారులా ఉండేవి. మూడో పేజీలో సగం నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలే. ఒక వార్త మొదటి పేజీలో మొదలై ఎక్కడ తేలుతుందో వెతుక్కోవాలి. కానీ మొదటి పేజీ ఎడమ పక్కన ఒక సన్నటి కాలమ్ ఉండేది. ఏ సంతలో చింతపండు ఎంత పలికింది, ఇప్పపువ్వు ఎంత, కరక్కాయ ఎంత, తేనె ఎంత; గిరిజన సహకార సంస్థ ఎంత ఇస్తోంది, సంతలో సేట్లు ఎంత ఇస్తున్నారు, రెండూ పక్కపక్కన. దాని కింద ఊరి కబుర్లు. ఎవరింట్లో పెళ్లి, ఎవరు పోయారు, ఏ పిల్ల నర్సింగులో సీటు తెచ్చుకుంది, ఏ గూడెంలో బోరు పాడైంది. ప్రతి కబురులో ఇంటిపేరుతో సహా మనిషి పేరు. నాలుగో పేజీలో జాబులు. అచ్చుతప్పులతో, కోపాలతో, ఒక్కోసారి పత్రికనే తిడుతూ.

కొత్త రూపంలో నాలుగు రంగులు వచ్చాయి. శీర్షికలు పెద్దవయ్యాయి. వార్త ఏ పేజీలో మొదలైతే ఆ పేజీలోనే ముగుస్తోంది, ఇది మంచి మార్పే. పుట్టినరోజుల గోల చివరి పేజీకి పోయింది, అది ఇంకా మంచిది. అయితే సంత ధరల కాలమ్ తీసేశారు, "సీరియస్‌గా లేదు" అని. ఊరి కబుర్లు "జిల్లా రౌండప్" అయ్యాయి. "పండుం" అని ఉన్న చోట "ఉత్సవం" అని వచ్చింది. జాబులకు చోటు లేదు. పత్రిక పేరు పక్కన నెమలి ఈకల టోపీ బొమ్మ పెట్టారు.

ఆ టోపీ సంగతి కాస్త చూడాలి. అది గుస్సాడీ టోపీ. దీపావళి రోజుల్లో ఆదిలాబాద్ గోండులు, కొలాములు దండారిలో కట్టుకునేది. వాళ్లకది పవిత్రం. కోయవాళ్లది కొమ్ము నృత్యం, తలకు అడవిదున్న కొమ్ములు. కోయ గూడేల పత్రిక మీద గుస్సాడీ టోపీ ఎలా వచ్చింది? పట్నంలో డిజైన్ చేసిన వ్యక్తికి "గిరిజనులు" అంటే ఒకటే బొమ్మ. ఆగస్టు 9 వస్తే ఫ్లెక్సీల మీద, ప్రభుత్వ ప్రకటనల్లో అదే బొమ్మ. బయటివాళ్లు మనల్ని చూసే చూపు తిరిగి మన పత్రిక నుదుటి మీదకే వచ్చి కూర్చుంది. అది చూసి మనవాళ్లు ఎవరూ అడ్డు చెప్పకపోవడం మాకు టోపీ కన్నా ఎక్కువ బాధ కలిగించింది.

పేజీ కట్టే పని మనకు తెలియనిదేం కాదు. డోలివాళ్లు పడిగె విప్పి నిలబెట్టినప్పుడు చూడండి. మూడు కోణాల గుడ్డ, దాని మీద వేల్పుల, పూర్వీకుల బొమ్మలు. ఏ బొమ్మ దగ్గర ఏ కథ చెప్పాలో డోలి చెప్పేవాడికి తెలుసు, వినే ఇంటివాళ్లకూ తెలుసు. అక్కడ ఊరికే అందం కోసం పెట్టిన బొమ్మ ఉండదు. ప్రతి బొమ్మకూ ఒక పేరు, ఒక ఇంటిపేరు, ఒక వరస ఉంటాయి. మన పత్రిక రూపానికి ఆ పద్ధతి ఎందుకు ఆలోచనకు రాలేదు? పడిగె బొమ్మలు తెచ్చి పత్రిక మీద అతికించమని మేము అనడం లేదు, అది మళ్లీ టోపీ పనే అవుతుంది. బొమ్మకు పేరుండాలన్న నియమం ఒక్కటి తీసుకుంటే చాలు.

కొత్త సంచికల్లో ఫొటోలు పెరిగాయి, పేర్లు తగ్గాయి. "అడవి నుంచి కట్టెలు తెస్తున్న గిరిజన మహిళ." "సమస్యలు విన్నవిస్తున్న గిరిజనులు." పక్కనే నిలబడ్డ అధికారికి పేరు, హోదా, డిగ్రీ అన్నీ ఉన్నాయి. పెద్ద పత్రికలు ఇలా రాస్తే మనం సభల్లో తిడతాం. మన పత్రికలో పక్క గూడెం అక్క పేరు వేయడానికి ఏమి అడ్డొచ్చింది? ఆమెను అడిగితే చెబుతుంది కదా.

ఫొటోల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోన్ తెర మీద చక్కగా కనిపించిన ముఖం న్యూస్‌ప్రింట్ మీద నల్లటి మచ్చ అవుతోంది. ఈ కాగితం సిరాను పీల్చి చుక్కను వెడల్పు చేస్తుంది. మన రంగు ముఖాలు ఇంకా నల్లబడి కళ్లు కూడా కనపడవు. ఇది ప్రెస్సువాళ్ల కుట్ర కాదు, కాగితం గుణం. ప్లేటు తీయకముందే ఫొటోను కాస్త తేలిక చేసుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన ఫొటో కన్నా చెట్టు నీడలో తీసింది నయం. కొత్త రూపానికి ఖర్చు పెట్టినవాళ్లు ఈ చిన్న పని చేయించుకుని ఉంటే ఆ సంచికల్లో మన ముసలివాళ్ల ముఖాలు మిగిలేవి.

అక్షరాల మాటకొద్దాం. టీచర్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఇంగ్లీషు పత్రిక పేజీని చూసి తెలుగు పేజీ కట్టకూడదు. మన వరుసకు కింద వత్తులు ఉంటాయి, పైన గుడులు ఉంటాయి. వరుసకూ వరుసకూ మధ్య చోటు తగ్గిస్తే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. పదాలు పొడుగు. పేజీని నాలుగు సన్నటి కాలమ్‌లు చేసి రెండు అంచులూ సమానంగా లాగితే మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి, లేదా పదం అడ్డంగా విరుగుతుంది. మేము చూసిన సంచికలో "గ్రామసభ" అన్న మాట "గ్రామ" అని ఒక వరుసలో, "సభ" అని మరో వరుసలో పడింది. అయిదో తరగతి వరకు చదివినవాళ్లు అక్కడ ఆగిపోతారు. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు వేయడం కూడా ఫ్యాషన్ అయింది. చవక కాగితం మీద సన్నటి వత్తుల్లోకి సిరా చేరి పూడిపోతుంది. మడిచిన ఏ3 పేజీకి రెండు కాలమ్‌లు చాలు.

ఫాంటు కూడా ఊరికే ఎంచేది కాదు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లు నడుస్తున్నాయి. అవి యూనికోడ్‌వి కావు. ఆ ఫైలును రేపు ఫోన్లో పంపితే అవతలివాళ్లకు తెలుగు రాదు, వెతికితే దొరకదు. పదేళ్ల పత్రిక ఒక సీడీలో గడ్డకట్టి పడి ఉంటుంది. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు చాలా ఉన్నాయి. మండలి వెంకట కృష్ణారావు పేరు పెట్టిన "మండలి" ఫాంటును వార్తాపత్రికలను దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. "గిడుగు" అని ఇంకో ఫాంటు ఉంది, శీర్షికలకూ పోస్టర్లకూ పనికొచ్చే అక్షరం. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి వైపు సవరల భాష నేర్చుకున్నారు, వాళ్లకు బడులు పెట్టించారు, 1931లో సవర భాష మీద పెద్ద పుస్తకం వెలువరించారు. సవరలో గొంతు దగ్గర పట్టి ఆపే ధ్వని ఒకటి ఉంది. తెలుగులో దానికి అక్షరం లేదు. అలాంటి ధ్వనిని ఏ గుర్తుతో రాయాలో తేల్చుకోకుండా ఏ గిరిజన భాషా పత్రిక రూపం పూర్తయినట్టు లెక్క కాదు. ఇది డిజైనర్ తేల్చే విషయం కాదు. ఆ భాష మాట్లాడే టీచర్లు కూర్చుని తేల్చాలి.

గోండీ సంగతి చూడండి. 1940లలో హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో బడి పెట్టించినప్పుడు గోండీ వాచకాలు నాగరి లిపిలో వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య కింద గోండీ, కోయ, కొలామీ, సవర వగైరా భాషలకు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల గోండీకి సొంత లిపి ఉందని లోకానికి తెలిసింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు, గుంజాల పెద్దలు దాని వెనుక శ్రమపడ్డారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఆ లిపిలో పత్రిక పేరు వేసుకోవచ్చు, వార్త కూడా వేసుకోవచ్చు. పేరు మాత్రం గుంజాల లిపిలో వేసి లోపలంతా గ్రాంథికపు తెలుగు నింపితే అది బోర్డుకే పరిమితం. నెలకు పది వరుసలైనా ఆ లిపిలో చదవదగ్గ మాట ఉండాలి. సంత ధరలే అందులో వేయండి, పిల్లలు తాతలకు చదివి వినిపిస్తారు.

చిన్న పత్రిక ఎవరికోసం అన్న ప్రశ్న మనకొక్కళ్లకే వచ్చింది కాదు. అమెరికాలో చెరొకీ జాతివాళ్లకు రెండు వందల ఏళ్ల కిందటే వచ్చింది. ఇంగ్లీషు చదవడం రాని సెక్వోయా అనే చెరొకీ మనిషి తన భాషకు ఎనభైకి పైగా గుర్తులతో సొంత లిపి తయారుచేశాడు. 1821 నాటికి అది సిద్ధమైంది, కొద్ది ఏళ్లలోనే జాతి అంతా పాకింది. బోస్టన్‌లో ఆ లిపికి సీసం అచ్చులు పోయించి, 1828 ఫిబ్రవరి 21న న్యూ ఎకోటా అనే ఊరి నుంచి "చెరొకీ ఫీనిక్స్" పత్రిక మొదలుపెట్టారు. సంపాదకుడు ఎలియాస్ బూడినాట్, చెరొకీవాడే. ఒకే పేజీ మీద ఇంగ్లీషు కాలమ్‌లు, చెరొకీ కాలమ్‌లు.

చందా చూడండి. ముందుగా కడితే ఏడాదికి రెండున్నర డాలర్లు. చెరొకీ మాత్రమే చదవగలిగినవాళ్లకు రెండు డాలర్లే. పేజీలో వాళ్లు చదవగలిగేది తక్కువ కాబట్టి ధర తక్కువ. పత్రిక తన పాఠకుణ్ని గుర్తుపెట్టుకుందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మరుసటి ఏడాదే, 1829లో, పత్రిక పేరు మారింది. "చెరొకీ ఫీనిక్స్ అండ్ ఇండియన్స్ అడ్వొకేట్" అయింది. ఇండియన్ల తరఫున వాదించే పత్రిక అని అర్థం. జార్జియా రాష్ట్రం వాళ్ల నేల మీద తన చట్టాలు రుద్దుతోంది, ఆ నేలలో బంగారం బయటపడింది, 1830లో తూర్పు జాతులను పడమటికి తరలించే చట్టం కూడా వచ్చింది. బయటి తెల్లవాళ్లలో న్యాయం తెలిసినవాళ్లకు మొర వినిపించుకోవాలి. అందుకు ఇంగ్లీషు కావాలి. పేజీలో ఎక్కువ భాగం ఇంగ్లీషే. చెరొకీలోకి తిప్పడం, పేర్చడం కష్టమైన పని, చేసే మనుషులు తక్కువ. వాళ్ల అవసరాన్ని మేము తప్పుపట్టడం లేదు. నేల పోతుంటే నాలుగు దిక్కులా అరవాలి. కానీ ఇల్లు కాలుతున్నప్పుడు ఇంట్లోవాళ్లకు విషయం చెప్పే కాలమ్ పెరిగిందా తగ్గిందా అని చదివేవాళ్లు అడగాలి.

రెండో దెబ్బ జాబుల దగ్గర తగిలింది. పడమటికి పోవడమా, ఉండి పోరాడడమా అన్న చర్చ పత్రికలో జరగాలన్నాడు బూడినాట్. పెద్ద నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోలేదు, జాతి ఒక్క గొంతుతో ఉండాలన్నాడు. 1832లో బూడినాట్ రాజీనామా చేశాడు. 1834 మేలో డబ్బుల్లేక పత్రిక ఆగింది, 1835లో జార్జియా సైనికులు ప్రెస్సును ఎత్తుకుపోయారు. ఆ ఏడాది చివర బూడినాట్ నేల వదులుకునే ఒప్పందం మీద సంతకం పెట్టాడు, 1839లో సొంత జాతివాళ్లే అతన్ని చంపారు. ఎవరిది న్యాయమో ఇక్కడ కూర్చుని మేము తీర్పు చెప్పలేం. చర్చ పేజీ మీద జరగనప్పుడు అది ఎక్కడెక్కడికో పోయి తేలుతుంది. చెరొకీలు పడమటికి వెళ్లాక 1844లో మళ్లీ పత్రిక పెట్టుకున్నారు. 2000లో వాళ్ల మండలి, పత్రికలో నాయకుల జోక్యం ఉండకూడదని చట్టమే చేసుకుంది. చెరొకీ ఫీనిక్స్ ఇప్పటికీ వస్తోంది.

మేము చూసిన కోయ పత్రికలో జాబులు తీసేయడానికి చెప్పిన కారణం, "అందులో గొడవలు వస్తున్నాయి" అని. గొడవలు వస్తేనే జాబులు.

మన దేశంలోనే దగ్గరి ఉదాహరణ ఖబర్ లహరియా. 2002లో ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో దళిత, కోల్, ముస్లిం ఆడవాళ్లు బుందేలీ భాషలో మొదలుపెట్టారు. హిందీ చదివిన పెద్దమనుషులు ఏమనుకుంటారో అని ఆగలేదు, ఊళ్లో మాట్లాడే మాటలే అచ్చువేశారు. కొత్తగా చదువు నేర్చుకున్నవాళ్ల కోసం అక్షరం పెద్దది చేశారు. 2009లో యునెస్కో కింగ్ సెజాంగ్ బహుమతి వచ్చింది. తర్వాత కాగితం మానేసి ఫోన్ వీడియోలకు మారారు. ఆ మార్పునే "రైటింగ్ విత్ ఫైర్" సినిమాలో చూపించారు. ఎవరూ దానిని డిజైన్ అనరు గానీ, అంతకన్నా పెద్ద రూపం మార్పు లేదు. రూపం అంత మారినా రాసేవాళ్లు, తిరిగే సందులు, అడిగే ప్రశ్నలు మారలేదు. పెద్ద ఫోన్ లేని ముసలమ్మకు ఆ మార్పుతో పత్రిక దూరమైందా అన్నది అడగవలసిన మాటే. కానీ అక్కడ కొత్తదనం పాఠకుల వెనుక నడిచింది. మన దగ్గర ఐటిడిఎ ఆఫీసు బల్ల మీద బాగా కనపడాలని నడుస్తోంది.

పెద్ద వార్త వచ్చినప్పుడు రూపం విలువ తెలుస్తుంది. 2000 జనవరిలో వచ్చిన జీవో 3తో ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కేవి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతులతో కాపాడింది. ఇలాంటి వార్తకు ధర్నా ఫొటో, పెద్ద శీర్షిక వేసి వదిలేస్తే డీఎడ్ చదివే పిల్లకు ఏం తెలిసినట్టు? ఉన్న ఉద్యోగం పోతుందా, వచ్చే నోటిఫికేషన్‌లో ఏమవుతుంది, ఎవరిని అడగాలి అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో చెప్పాలి. అటవీ హక్కుల చట్టం కూడా అంతే. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో సబ్‌డివిజన్ కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు, అక్కడ న్యాయం జరగకపోతే మరో 60 రోజుల్లో జిల్లా కమిటీకి. ఈ రెండు గడువులూ ప్రతి సంచికలో ఒకే చోట, ఒకే పెట్టెలో, మార్చకుండా పడుతూ ఉండాలి. అవసరమైన రోజున చెయ్యి అక్కడికే వెళుతుంది. "ప్రతిసారీ అదే వేస్తే పాతబడుతుంది" అని డిజైనర్లు అంటారు. పోడు పట్టా రానివాళ్లకు అది పాతబడదు.

తేదీ పట్టీ గురించి ఒక మాట. కొమురం భీం వర్ధంతిని జోడేఘాట్‌లో జనం ఆశ్వయుజ పౌర్ణమికి జరుపుకుంటారు, ఇంగ్లీషు తేదీకి కాదు. కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య అమావాస్యకు. పత్రిక నెత్తిన ఇంగ్లీషు నెల, సంపుటి, సంచిక సంఖ్యలు ఉన్నాయి. ఆ నెల పౌర్ణమి, అమావాస్య, చుట్టుపక్కల సంత రోజులు కూడా అక్కడ ఒక్క వరుసలో పడితే చాలు, పత్రిక నెలంతా గోడకు ఉంటుంది. టోపీ బొమ్మ తీసేస్తే దానికి కావలసినంత చోటు వస్తుంది.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్లను ఒకటి అడుగుతున్నాం. మీ దగ్గరికి ఏ చిన్న పత్రికవాళ్లైనా కొత్త రూపం తెచ్చి చూపిస్తే, తెర మీద చూసి తల ఊపకండి. ప్రూఫు కాగితం మీద తీయించండి. పదో తరగతి పిల్లాడికిచ్చి శనివారం ఇంటికి పంపించండి. సాయంత్రం దీపం వెలుగులో వాళ్ల అవ్వకు పైకి చదివి వినిపించమనండి. ఎక్కడ తడబడ్డాడో పెన్సిలుతో గుర్తు పెట్టమనండి. అవ్వ ఎక్కడ "ఎవరు, ఎవరింటివాళ్లు?" అని అడిగిందో అక్కడ ఇంకో గుర్తు. సోమవారం ఆ కాగితం పట్టుకుని ప్రెస్సుకు వెళ్లండి.